మిద్దె మీది నుంచి తొలి నక్షత్రాల వెలుగును పట్టడం ఎలా?

2005 సెప్టెంబరు 4న నాసా వారి స్విఫ్ట్ ఉపగ్రహం ఒక గామా కిరణ విస్ఫోటాన్ని, అంటే అంతరిక్షంలో కాసేపు మెరిసి ఆరిపోయే గామా కిరణాల మెరుపును పట్టింది. ఫ్రాన్స్‌లోని టారో అనే రోబో టెలిస్కోపు ఒకటిన్నర నిమిషంలోపే అటు తిరిగి ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. ఆ ఫొటోల్లో పడిన వెలుగు బయల్దేరేనాటికి విశ్వం వయసు సుమారు 90 కోట్ల ఏళ్లు. ఇప్పుడు 1380 కోట్ల ఏళ్లు. ఇంతకీ ఆ టారో అద్దం వెడల్పు ఎంతో తెలుసా? 25 సెంటీమీటర్లు. మనం అన్నం తినే పళ్లెం అంత.

ఈ సంగతి తెలిసిన రోజు నుంచి మా మిద్దె మీది టెలిస్కోపు నాకు వేరేగా కనిపిస్తోంది. శనిగ్రహం వలయాలు చూపించి పిల్లలను సంతోషపెట్టే సామానుతోనే తొలి విశ్వం దాకా చూపు సారించవచ్చు. రోజూ కాదు, తేలిగ్గానూ కాదు. కానీ తిరుపతిలోనో చిత్తూరులోనో ఉండి, ఓపికున్నవాళ్లు చేయగలిగిన పనే. ఎలాగో వరసగా చెబుతాను.

ముందు, మీరు వెతికేది ఏమిటో తెలుసుకోండి

గామా కిరణాలు నేలదాకా రావు. గాలి వాటిని పైనే ఆపేస్తుంది. అందుకే వీటిని మొదట చూసింది ఉపగ్రహాలే. దొంగచాటు అణు పరీక్షలను కనిపెట్టడానికి అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలు 1967 జూలై 2న ఒక గామా మెరుపును నమోదు చేశాయి. ఇలాంటివి భూమి మీది బాంబులు కావని, అంతరిక్షం నుంచి వస్తున్నాయని తేల్చుకుని లోకానికి చెప్పేసరికి 1973 అయింది. ఎంత దూరం నుంచి వస్తున్నాయో తెలియడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 28న బెప్పోశాక్స్ ఉపగ్రహం చూపిన చోట, మామూలు టెలిస్కోపులకు ఆరిపోతున్న చుక్క ఒకటి దొరికింది. దాన్ని ఆఫ్టర్‌గ్లో అంటారు. నేను మలివెలుగు అంటాను. మన పని అంతా ఆ మలివెలుగుతోనే.

రెండు సెకన్ల కంటే ఎక్కువసేపు సాగే విస్ఫోటాలు చాలావరకు భారీ నక్షత్రాలు కూలినప్పుడు పుడతాయి. పొట్టివి ఎక్కువగా రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు వచ్చేవి. తొలి విశ్వం కోసం మనకు కావలసింది పొడుగు రకం. భారీ నక్షత్రం ఎక్కువ కాలం బతకదు. కాబట్టి విశ్వంలో నక్షత్రాలు పుట్టడం మొదలైన కొద్ది కాలానికే ఇవి కూలడమూ మొదలై ఉంటుంది. అంత దూరంలో ఉన్న చిన్న గెలాక్సీలు పెద్ద టెలిస్కోపులకు కూడా సరిగా అందవు. కానీ వాటిలో ఒక్క నక్షత్రం ఇలా పేలితే ఆ వెలుగు దారిలోని హైడ్రోజన్ అంతటినీ దాటుకుంటూ వస్తుంది. ఎక్కడ ఎంత హైడ్రోజన్ ఉందో ఆ వెలుగు మీద గుర్తు పడుతుంది. చీకటి గది కిటికీకి కట్టిన పరదా వెనక దీపం పెడితే నేత కనిపిస్తుంది చూడండి, అలాగ.

ఇంకో మేలు కూడా ఉంది, నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే. విశ్వం వ్యాకోచిస్తున్నందువల్ల దూరపు వెలుగు అలలు సాగుతాయి. ఆ సాగుడు కొలతనే రెడ్‌షిఫ్ట్ అంటాం. అలతో పాటు కాలమూ సాగుతుంది. 2009 ఏప్రిల్ 23న కనిపించిన విస్ఫోటం రెడ్‌షిఫ్ట్ 8.2. అంటే అక్కడి ప్రతి నిమిషం మనకు 9.2 నిమిషాలుగా కనిపిస్తుంది. మన గడియారంలో గంట గడిచేసరికి అక్కడ గడిచేది ఆరున్నర నిమిషాలే. మలివెలుగు మొదటి నిమిషాల్లోనే బాగా వెలుగుతుంది కనుక, దూరం వల్ల పోయిన కాంతిలో కొంత ఈ సాగుడు వల్ల మనకు తిరిగి దక్కుతుంది.

చోటు చూసుకోండి

తిరుపతి ఊళ్లో ఉన్నవాళ్లకు ఉత్తరం దిక్కున కొండ. కొండ మీది దీపాల కాంతి, ఘాట్ రోడ్డు వరస దీపాలు, కింద ఊరి వెలుగు అన్నీ కలిసి ఆ వైపు ఆకాశాన్ని తెల్లగా చేస్తాయి. దాంతో పాటు ఇంకో చిక్కు ఉంది. మన అక్షాంశం 13.6 డిగ్రీలు. ధ్రువనక్షత్రం మనకు క్షితిజం నుంచి అంతే ఎత్తులో ఉంటుంది. అలిపిరి దగ్గర్లో కొండను ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లకు అది కొండ చాటున పడిపోవచ్చు. ధ్రువనక్షత్రాన్ని చూసి మౌంట్‌ను, అంటే టెలిస్కోపును మోసి తిప్పే స్టాండును, సరిచేయమని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. అది కనిపించకపోతే ఏం చేయాలి? రెండు మూడు చోట్ల ఫొటో తీసి, నక్షత్రాల అమరికను బట్టి మౌంట్ ఎంత పక్కకు ఉందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిని వాడండి. పగటిపూట మిద్దె మీద మౌంట్ కాళ్లు ఆనే మూడు చోట్లా పెయింటుతో గుర్తు పెట్టుకుంటే ప్రతి రాత్రీ ఈ పని మొదటి నుంచి చేయనక్కర్లేదు.

మన చోటులో గొప్ప సౌకర్యం కూడా ఉంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటి కొలత) +73 నుంచి −46 దాకా ఉన్నవన్నీ ఏదో ఒక వేళ 30 డిగ్రీల కంటే పైకి వస్తాయి. యూరప్‌ వాళ్లకు దక్షిణాకాశం ఇంత అందదు. లెక్క చిన్నదే: 13.6కూ ఆ డెక్లినేషన్‌కూ ఉన్న తేడాను 90లోంచి తీసేస్తే అది ఎక్కగలిగే గరిష్ఠ ఎత్తు వస్తుంది.

చీకటి కావాలంటే పడమటి మండలాలకు పోవాలి. పలమనేరు, కుప్పం వైపు నేల ఎత్తు, గాలి చల్లన. ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని హార్సిలీ కొండలు నాలుగు వేల అడుగులపైనే. కానీ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న పల్లెల్లో రాత్రిళ్లు ఏనుగులు తిరుగుతాయి. ఊరివాళ్లు వద్దన్న పొలంలో టెలిస్కోపు దించకండి. శేషాచలం అడవి అంచులకైతే రాత్రిపూట అసలే వద్దు. ఎర్రచందనం దొంగల కోసం అక్కడ నిఘా ఉంటుంది. పొడుగాటి గొట్టం, బ్యాటరీలు, ఎర్ర లైటు పెట్టుకుని చీకట్లో కూర్చున్న మనిషిని ఆపి అడగడం వాళ్ల డ్యూటీ. తెలిసిన వాళ్ల తోటలో, వాళ్లకు ముందే చెప్పి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకుని పని చేసుకోండి.

నా మట్టుకు నేను మిద్దెనే ఎంచుకున్నాను. అలర్టు వచ్చిన అయిదు నిమిషాల్లో మొదటి ఫొటో పడాలి. చీకటి కోసం డెబ్బై కిలోమీటర్లు పోయే లోపల మలివెలుగు ఆరిపోతుంది. ఊరి వెలుగులో తీసిన అయిదో నిమిషం ఫొటో, మంచి చీకట్లో తీసిన రెండో గంట ఫొటో కంటే చాలాసార్లు విలువైనది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం బాగుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో చేసే పని వేరే ఉంది, తర్వాత చెబుతాను.

సామాను

8 అంగుళాల అద్దం, 1000 మిల్లీమీటర్ల ఫోకల్ లెంత్, చెప్పిన చోటికి తనంతట తాను తిరిగే ఈక్వటోరియల్ మౌంట్, ల్యాప్‌టాప్. వీటి గురించి ఎక్కువ చెప్పను, ఎవరినడిగినా చెబుతారు. కెమెరా దగ్గర మాత్రం ఆగాలి.

తొలి నక్షత్రాల వెలుగులో నీలం, ఆకుపచ్చ ఉండవు. దారిలోని హైడ్రోజన్ ఒక హద్దు కంటే పొట్టి అలలను మింగేస్తుంది. ఆ హద్దు అసలు 121.6 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపిన సంఖ్యతో గుణిస్తే మనకు కనిపించే హద్దు వస్తుంది. రెడ్‌షిఫ్ట్ 5 అయితే 730 నానోమీటర్లు. టారో చూసిన విస్ఫోటం రెడ్‌షిఫ్ట్ 6.29, హద్దు దాదాపు 886. అంతకంటే పొట్టి అలల్లో అక్కడ చీకటే. సిలికాన్ సెన్సర్‌కు 1000 నానోమీటర్ల దాకా చూపు ఆనుతుంది. అంటే 886కూ 1000కీ మధ్య ఉన్న సన్నని సందులోంచి టారో ఆ వెలుగును పట్టింది. ఫిల్టరు ఏదీ లేకుండా తీస్తోంది కాబట్టే పట్టగలిగింది.

ఇప్పుడు మీ కెమెరా సంగతి చూడండి. మామూలు డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ ముందు ఒక అద్దపు ఫిల్టరు ఉంటుంది. అది 700 నానోమీటర్ల అవతలి వెలుగును దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పెళ్లి ఫొటోల్లో చీర రంగులు సరిగా రావడానికి అది అవసరం. మనకు మాత్రం అది తలుపు మూసినట్టే. కాబట్టి మోనో సీమాస్ కెమెరా (నలుపు తెలుపులో మాత్రమే తీసేది) తీసుకోండి, చల్లబరిచే ఏర్పాటు ఉన్నది. మన ఎండాకాలం రాత్రిళ్లలో ఆ ఏర్పాటు లేకపోతే ఫొటో నిండా వేడి చుక్కలే. కొనేముందు సెన్సర్ కిటికీకి ఐఆర్ కట్ పూత, అంటే ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే పూత, ఉందేమో అడగండి. ఫిల్టర్లు రెండు చాలు: ఆర్, ఐ. ఆర్ ఫిల్టరు సుమారు 550 నుంచి 700 దాకా, ఐ ఫిల్టరు 700 నుంచి 820 దాకా చూస్తుంది. డబ్బు ఒకదానికే ఉంటే ఐ కొనండి.

ఫ్లాట్ ఫ్రేములకు, అంటే దుమ్ము మచ్చలనూ అంచుల మసకనూ సరిచేయడానికి సమానమైన వెలుగులో తీసే ఫొటోలకు, ప్రత్యేకమైన ప్యానెల్ అక్కర్లేదు. ఉతికిన తెల్ల పంచెను రెండు మడతలు వేసి గొట్టం మూతికి బిగించి, పొద్దుగూకిన పది నిమిషాలకు నడినెత్తి ఆకాశం వైపు పెట్టి ఇరవై ఫొటోలు తీయండి. మడతల గీతలు ఉండకూడదు, అంతే. డార్క్ ఫ్రేములు, అంటే మూత పెట్టి తీసే ఫొటోలు, మబ్బు పట్టిన రాత్రి తీసి దాచుకోండి.

అలర్టు మీ ఫోనుకు రావాలి

ఉపగ్రహం విస్ఫోటాన్ని పట్టగానే ఆ సమాచారం నాసా నడిపే జీసీఎన్ అనే వ్యవస్థ ద్వారా సెకన్లలో లోకమంతటికీ వెళుతుంది. డబ్బు కట్టక్కర్లేదు. మెయిల్ ఇచ్చి, ఏ ఉపగ్రహాల కబురు కావాలో ఎంచుకుంటే చాలు.

అన్నీ ఎంచుకోకండి. ఫెర్మి ఉపగ్రహంలోని జీబీఎం అనే పరికరం చాలా విస్ఫోటాలను పడుతుంది. కానీ చోటును కొన్ని డిగ్రీల అటూ ఇటూగా మాత్రమే చెబుతుంది. నేను చెప్పిన టెలిస్కోపుకు 11 మిల్లీమీటర్ల సెన్సర్ తగిలిస్తే కనిపించేది 38 ఆర్క్‌మినిట్లు (ఆర్క్‌మినిట్ డిగ్రీలో అరవయ్యో వంతు), అంటే నిండు చంద్రుడి కంటే కాస్త ఎక్కువ. ఫెర్మి చెప్పిన చోటును దాంతో వెతకడం చెరువులో పడ్డ ఉంగరాన్ని చెంబుతో వెతకడమే. స్విఫ్ట్ తన మొదటి కబురులోనే మూడు ఆర్క్‌మినిట్ల లోపు చెబుతుంది. తర్వాత దాని ఎక్స్‌రే టెలిస్కోపు కొన్ని ఆర్క్‌సెకండ్లకు (ఆర్క్‌మినిట్‌లో అరవయ్యో వంతు) బిగిస్తుంది. 2024 జూన్ 22న చైనా, ఫ్రాన్స్ కలిసి పంపిన స్వామ్ కూడా మనకు పనికొస్తుంది. అది ఎక్కువగా సూర్యుడికి ఎదురు దిక్కునే చూస్తుంది కనుక, అది పట్టినవి భూమి మీద రాత్రి ఉన్నవాళ్లకు అందే చోట ఉంటాయి.

టైము దగ్గర జాగ్రత్త. అలర్టులో ఉండేది యూటీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయం. దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. ఒకసారి పొద్దున లేచి మెయిల్ చూస్తే 19:50 అని ఉంది. నిన్న సాయంత్రం ఏడూ యాభైకి ఇక్కడ చినుకులు పడుతున్నాయి, పోనీలే అనుకుని వదిలేశాను. మధ్యాహ్నం గుర్తొచ్చింది, అది మన టైములో రాత్రి 1:20 అని. ఆ వేళకు ఆకాశం శుభ్రంగా ఉంది. మెయిల్ శబ్దం ఆపేసి పడుకున్నాను. ఆ విస్ఫోటం మళ్లీ రాదు. అప్పటినుంచి ఆ ఒక్క పంపేవారి మెయిల్‌కు మాత్రం ఫోను మోగేలా పెట్టుకున్నాను, ల్యాప్‌టాప్ పక్కన యూటీ గడియారం అతికించుకున్నాను. మీరు మొదటి రోజే ఆ పని చేయండి.

కంటికి నేరుగా కనిపించేంత వెలిగిన విస్ఫోటం 2008 మార్చి 19న వచ్చింది. అది 750 కోట్ల ఏళ్ల నాటి వెలుగు, 5.8 మ్యాగ్నిట్యూడ్ దాకా వెలిగింది (మ్యాగ్నిట్యూడ్ వెలుగు కొలత, అంకె పెరిగే కొద్దీ మసక). మనకు అప్పుడు పగలు 11:42. రెడ్‌షిఫ్ట్ 8.2 విస్ఫోటం వచ్చింది మధ్యాహ్నం 1:25కు. ఇవి మనకు అందేవే కావు. 2022 అక్టోబరు 9న ఇప్పటిదాకా నమోదైన వాటిలో అన్నిటికంటే ప్రకాశవంతమైనదాన్ని స్విఫ్ట్ పట్టినప్పుడు మనకు రాత్రి 7:40. తిరుపతి ఆకాశంలో ఆ చోటు బాగా ఎత్తున ఉంది. కాకపోతే ఆ రాత్రి ఆశ్వయుజ పున్నమి, పైగా పాలపుంత దుమ్ము అడ్డం. మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం కూడా దాన్ని నమోదు చేసింది. 2015లో అది ఎగిరింది శ్రీహరికోట నుంచే, జిల్లాల విభజన తర్వాత శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోదే.

స్విఫ్ట్ ఏడాదికి సుమారు 90 విస్ఫోటాలు పడుతూ వచ్చింది. అందులో మన రాత్రిలో, మన ఆకాశంలో, మబ్బు లేనప్పుడు వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే ఒక్కటీ జారకూడదు.

ఫోను మోగిన రాత్రి

మొదట చోటు చూడండి. 25 డిగ్రీల కంటే కింద ఉందా, చంద్రుడికి పక్కనే ఉందా? అయితే వదిలేయండి. వాతావరణ శాఖ వాళ్ల ఇన్సాట్ చిత్రంలో మబ్బు ఎటు పోతోందో ఒక్కసారి చూడండి. ఈ నిర్ణయానికి నిమిషం కంటే ఎక్కువ పట్టకూడదు.

టెలిస్కోపును అటు తిప్పి, ఒక ఫొటో తీసి, సరిగ్గా ఆ చోటే చూస్తోందని ప్లేట్ సాల్వ్ చేసి, అంటే ఫొటోలోని నక్షత్రాలను సాఫ్ట్‌వేర్‌తో పటానికి పోల్చి, రూఢి చేసుకోండి. తొందరలో చాలామంది దీన్ని వదిలేస్తారు. గంటసేపు పక్క వీధిని ఫొటో తీసినట్టు అవుతుంది.

మొదటి పది నిమిషాలు ఫిల్టరు లేకుండా, 30 సెకన్ల చొప్పున తీసుకుంటూ పోండి. తర్వాత ఐ ఫిల్టరులో ఇరవై, ఆర్ ఫిల్టరులో ఇరవై, మళ్లీ ఫిల్టరు లేకుండా. ఏ ఫొటోనూ చెరపకండి, కలిపేసి అసలువి పారేయకండి. ఎప్పుడు ఎంత వెలుగు ఉందో తెలియాలంటే విడివిడి ఫొటోలే ఆధారం. ల్యాప్‌టాప్ గడియారం ఇంటర్నెట్ టైముతో సరిపోయి ఉండాలి.

తొందర ఎందుకో అంకెల్లో చూపిస్తాను. మలివెలుగు మామూలుగా కాలం పదింతలైతే మూడు మ్యాగ్నిట్యూడ్‌ల చొప్పున తగ్గుతుంది. పదో నిమిషంలో 15 ఉన్నది నూరో నిమిషానికి 18, వెయ్యో నిమిషానికి 21. నాలుగు ఇళ్ల అవతల వీధిలైటు ఉన్న మిద్దె మీద నుంచి 8 అంగుళాల అద్దంతో, ఫొటోలన్నీ కలిపినా 18 దాటి పోవడం కష్టం. అంటే మీకున్న సమయం గంటన్నర. ఫొటోలు కలపడంలోనూ ఒక లెక్క ఉంది: పదహారు కలిపితే ఒకటిన్నర మ్యాగ్నిట్యూడ్ లోతుకు పోతారు, వంద కలిపితే రెండున్నర. అంతకు మించి కలిపే కొద్దీ లాభం తగ్గుతూ పోతుంది.

ఒక అర్ధరాత్రి ఇలా ఉరుకులు పరుగుల మీద ఉంటే పక్క మిద్దె మీద పడుకున్న పెద్దమ్మ లేచి, "ఏం నాయనా, ఈ పొద్దప్పుడు ఏం చేస్తా ఉండావు?" అని అడిగింది. "నక్షత్రం ఒకటి పేలింది పెద్దమ్మా, ఆరిపోయేలోగా ఫొటో తీయాల" అన్నాను. "ఎప్పుడు పేలింది?" అంది. వెయ్యి కోట్ల ఏళ్ల కింద అని చెప్పేసరికి ఆమె చాప మీద లేచి కూర్చుంది. "అయితే ఇంకా ఎందుకు కనపడతాది?" ఇంతకంటే మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. వెలుగు నడిచి రావాలి కదా అని చెబుతూనే పని చేసుకున్నాను. మీ ఇంట్లోవాళ్లకూ పక్కవాళ్లకూ ముందే చెప్పి పెట్టుకోండి, వాళ్లే వరండా లైటు ఆర్పుతారు.

చుక్క దొరికిందా?

ఫొటోలను సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డార్క్, ఫ్లాట్ సరిచేసి కలపండి. ఆకాశ పటాలు చూపే అలాదిన్ సాఫ్ట్‌వేర్‌లో అదే చోటు పాత సర్వే చిత్రం తెరిచి, రెండింటినీ మార్చి మార్చి చూడండి. డెక్లినేషన్ −30కి పైన అయితే పాన్‌స్టార్స్ సర్వే చిత్రం వాడండి, చాలా లోతైనది. మీ ఫొటోలో ఉండి అందులో లేని చుక్క, అదీ ఎక్స్‌రే టెలిస్కోపు చెప్పిన చిన్న వృత్తంలో ఉంటే గుండె కొట్టుకుంటుంది. అయినా మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది, ఫొటో ఫొటోకూ ఫ్రేమును కొద్దిగా జరిపి ఉంటే, చుక్క నక్షత్రాలతో పాటు జరగాలి. జరగకపోతే అది సెన్సర్ లోపం. రెండోది, మైనర్ ప్లానెట్ సెంటర్ వారి పట్టికలో ఆ వేళకు అక్కడ గ్రహశకలం ఏదైనా ఉందేమో చూడండి. మూడోది, మొదటి అరగంట ఫొటోలకూ తర్వాతి అరగంట ఫొటోలకూ మధ్య వెలుగు తగ్గిందా? తగ్గకపోతే అనుమానించాలి.

దక్షిణాఫ్రికాలో బెర్టో మోనార్డ్ అనే ఔత్సాహికుడు 2003 జూలై 25 విస్ఫోటపు మలివెలుగును అందరికంటే ముందు కనుక్కున్నాడు. జీతం తీసుకునే ఖగోళ శాస్త్రవేత్త కాదు ఆయన. సొంత టెలిస్కోపు ఉన్న మనిషి.

కనబడలేదా? అయితే అసలు పని ఇప్పుడే

చాలా రాత్రిళ్లు ఏమీ కనబడదు. ఇక్కడే చాలామంది నిరాశపడి ఫైళ్లు మూసేస్తారు. దయచేసి అలా చేయకండి. కనబడకపోవడం కూడా కొలతే, ఎంత లోతుకు చూసినా కనబడలేదో చెప్పగలిగితే.

ఆ లోతును ఇలా కనుక్కోండి. మీ కలిపిన ఫొటోలో మసక నక్షత్రాలను ఒక్కొక్కటే కొలుస్తూ పోండి. చుట్టూ ఉన్న ఆకాశపు గరుకుతనానికి మూడు రెట్లు మాత్రమే ఉన్న నక్షత్రం దగ్గర ఆగండి. నక్షత్రాల పట్టికలో దాని మ్యాగ్నిట్యూడ్ ఎంతో అదే మీ హద్దు, దాన్నే 3 సిగ్మా హద్దు అంటారు. నోటు పుస్తకంలో ఇలా రాసుకోండి: "విస్ఫోటం తర్వాత 38వ నిమిషం, ఫిల్టరు లేదు, 30 సెకన్లవి 40 ఫొటోలు, వృత్తంలో కొత్త చుక్క లేదు, 3 సిగ్మా హద్దు 18.2."

2009 ఏప్రిల్ 23 విస్ఫోటం కథ ఇలాగే మొదలైంది. స్విఫ్ట్‌లోని అతినీలలోహిత, దృశ్యకాంతి టెలిస్కోపుకు ఏమీ దొరకలేదు. హవాయిలో ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోపు చూస్తే చుక్క ఉంది. హద్దు లెక్క వేయండి: 121.6ను 9.2తో గుణిస్తే 1119 నానోమీటర్లు. సిలికాన్ చూపు దాటిపోయింది. దృశ్యకాంతిలో లేదు, ఇన్‌ఫ్రారెడ్‌లో ఉంది అన్న ఆ తేడాయే పెద్ద టెలిస్కోపులను అటు తిప్పింది. విశ్వం వయసు 63 కోట్ల ఏళ్లు ఉన్నప్పటి వెలుగు అని తేలింది. 2025 మార్చి 14న స్వామ్ పట్టిన విస్ఫోటం కూడా అంతే. లా పాల్మా దీవిలోని నార్డిక్ టెలిస్కోపు ఇన్‌ఫ్రారెడ్‌లో చుక్కను చూసింది, తర్వాత చిలీలోని వీఎల్‌టీ అనే పెద్ద టెలిస్కోపు రెడ్‌షిఫ్ట్ 7.3 అని కొలిచింది. అప్పటికి విశ్వం వయసు 73 కోట్ల ఏళ్లు.

అలాంటిది మన రాత్రిలో వస్తే, మీ మిద్దె మీది నుంచి "18.2 దాకా లేదు" అన్న మాట ఇరవయ్యో నిమిషంలో వెళితే, పెద్ద టెలిస్కోపు దగ్గర ఉన్న మనిషికి అది ఒక ఆనవాలు. ఒక్కటే ఆనవాలు చాలదు. దుమ్ములో పేలినా కనబడదు, మొదటినుంచీ మసకదైనా కనబడదు.

రెండు ఫిల్టర్లలో తీయమన్నది దీనికోసమే. ఐలో చుక్క ఉండి ఆర్‌లో బొత్తిగా లేకపోతే, హద్దు 700 నానోమీటర్ల దరిదాపుల్లో పడిందేమో, రెడ్‌షిఫ్ట్ 5కు దగ్గర్లో ఉందేమో అనుకోవచ్చు. దుమ్ము అయితే రంగు రంగుకూ కొంచెం కొంచెంగా తగ్గిస్తుంది. హైడ్రోజన్ కత్తితో కోసినట్టు కోస్తుంది. రెండు ఫిల్టర్లతో మీరు ఖాయంగా తేల్చలేరు. తేల్చడానికి స్పెక్ట్రం, అంటే వెలుగును అల అలకూ విడదీసిన కొలత, కావాలి, దానికి పెద్ద అద్దం కావాలి. మన దేశంలోనే ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోపు ఉంది, లడఖ్‌లోని హాన్లేలో 2 మీటర్లది ఉంది, అక్కడే 70 సెంటీమీటర్ల గ్రోత్ ఇండియా టెలిస్కోపు ఇలాంటి ఆరిపోయే వెలుగుల వెంట పడుతుంటుంది. వాళ్లకు మీ కబురు అందడం ముఖ్యం.

కబురు పంపడం

మీ ఫలితాన్ని జీసీఎన్ సర్క్యులర్‌గా, అంటే అందరికీ వెళ్లే చిన్న నివేదికగా పంపవచ్చు. కొత్తవాళ్లకు ఇప్పటికే పంపుతున్న ఒకరు పూచీ పడాలి. తిరుపతి ఐసర్‌లోనో ఎస్వీయూ ఫిజిక్స్ విభాగంలోనో ఈ రంగం తెలిసినవారు ఉంటే పోయి అడగండి. మీ రెండు మూడు రాత్రుల నోటు పుస్తకం తీసుకెళ్లండి, అంతకంటే మంచి పరిచయం ఉండదు. ఏఏవీఎస్‌ఓ అనే అంతర్జాతీయ పరిశీలకుల సంఘం దారి కూడా ఉంది.

రాసేటప్పుడు ఆర్భాటం వద్దు. విస్ఫోటం పేరు, ఎంతసేపటి తర్వాత తీశారు, అద్దం సైజు, ఫిల్టరు, ఎన్ని ఫొటోలు, మ్యాగ్నిట్యూడ్ లేదా హద్దు, ఏ పట్టికతో పోల్చారు, పాలపుంత దుమ్ముకు సవరించారా లేదా. ఎనిమిది లైన్లు.

వానల నెలల్లో

ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం స్విఫ్ట్ ఎక్స్‌రే మలివెలుగుల గ్రాఫులను అందరికీ ఇస్తోంది. రెండు వైపులా లాగ్ స్కేలు ఉన్న కాగితం మీద ఒక విస్ఫోటాన్ని మీ చేత్తో గీయండి. ఎక్కడ వాలుగా దిగింది, ఎక్కడ చదునుగా నిలిచింది, ఎక్కడ ఉన్నట్టుండి పైకి లేచింది? పది గీస్తే కన్ను అలవాటు పడుతుంది. మామూలు జనం సాయంతో సైన్స్ పనులు చేయించే జూనివర్స్ వెబ్‌సైటులో బర్స్ట్ చేజర్ అనే పని ఉంది. అందులో గామా మెరుపుల ఆకారాలను మనుషులే చూసి వేరు చేస్తారు. ఇంటర్ చదివే పిల్లలు కూడా చేయగలరు, నేను మా వీధిలో ఇద్దరితో మొదలుపెట్టించాను.

ఆఖరి ఫొటో

చుక్క దొరికినా దొరకకపోయినా నెల తర్వాత ఒక పని మిగిలి ఉంటుంది. అదే టెలిస్కోపు, అదే కెమెరా, అదే ఫిల్టరు, అదే 30 సెకన్లు, అదే నలభై ఫొటోలు. చంద్రుడు లేని రాత్రి చూసుకుని అదే చోటును మళ్లీ తీయండి. ఎవరో తీసిన సర్వే చిత్రంతో పోల్చడం కంటే మీ ఫొటోను మీ ఫొటోతోనే తీసివేసి చూస్తే మసక చుక్కలు తేటగా బయటపడతాయి, మీ సెన్సర్ లోపాలు రెండింట్లోనూ ఉంటాయి కనుక తీసివేతలో కొట్టుకుపోతాయి. రెండింటినీ ఒకే ఫోల్డరులో, విస్ఫోటం పేరుతో పెట్టండి. ఈ రెండో ఫొటోలో ఆ చోట ఏమీ ఉండకూడదు.